టన్ను కట్టెల్లో నీళ్ళెన్ని కిలోలు?

మా మామ కట్టెల అంగడికి వంటమేస్త్రీ వస్తే ముందు రేటు అడగడు. కుప్పలోంచి రెండు చీలికలు లాగి ఒకదాంతో ఒకటి కొడతాడు. టంగుమని మోగితే "ఎంతకిస్తావన్నా" అంటాడు. మూగగా దబ్బుమంటే ఆ రెండూ అక్కడే పడేసి, "ఇంకో నెల ఎండబెట్టన్నా, మళ్ళొస్తా" అని బండెక్కేస్తాడు. తిరుపతి దగ్గర చంద్రగిరి దాటాక రోడ్డు పక్కన మా మేనమామకి కట్టెల అంగడి ఉంది. నాలుగేళ్ళు దాని లెక్కలు నేనే రాశాను. కట్టెల ధర గురించి ఎన్ని మాటలు విన్నా చివరికి అసలు విషయం ఆ మేస్త్రీ చేతిలోని రెండు కట్టెల చప్పుడులోనే ఉందని అర్థమవడానికి నాకు మొదటి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ మేము నష్టానికే అమ్మాం, అదీ లాభమొస్తోందనుకుంటూ.

చుట్టుపక్కల ఎవరైనా కట్టెల వ్యాపారం పెడదామనుకుంటే అడిగే మొదటి ప్రశ్న "టన్ను ఎంతకి కొని ఎంతకి అమ్మాలి" అనే. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఆ ప్రశ్నలోనే తిరకాసుంది. ఎందుకంటే కొనే టన్నూ అమ్మే టన్నూ ఒకటి కాదు. అప్పుడే కొట్టిన చెట్టులో, జాతినిబట్టి కాలాన్నిబట్టి తేడా ఉన్నా, బరువులో దాదాపు సగందాకా నీళ్ళే ఉండొచ్చు. బాగా ఎండిన కట్టెలో ఆ నీళ్ళు 15–20 శాతానికి దిగుతాయి. అంటే కాటా మీద మనం కొనేది కొంత కట్టె, కొంత నీళ్ళు. కట్టె మన దగ్గర ఉంటుంది, నీళ్ళు ఎండకి పోతాయి, డబ్బు మాత్రం రెండింటికీ ఇచ్చేసి ఉంటాం.

ఒక లోడు లెక్క చూద్దాం. రేట్లు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి, లెక్క తీరు మాత్రం ఎక్కడైనా ఇదే. పాకాల వైపు ఒక రైతు ముసలి మామిడితోట తీసేస్తున్నాడు. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకి నాలుగు రూపాయలు ప్రభుత్వమే కలిపి ఇవ్వాల్సొచ్చిన సీజన్ తర్వాత ఇలాంటి ఫోన్లు మామకి మామూలైపోయాయి. పది టన్నుల పచ్చి మొద్దులు, టన్ను 2,800 చొప్పున 28,000. లారీ బాడుగ 6,000. ఎత్తుడు దించుడు కూలి 3,000. కోసి చీల్చడానికి టన్నుకి 600 లెక్కన 6,000. స్థలం అద్దెలో ఈ లోడు వాటా ఇంకో 3,000. మొత్తం 46,000. పది వేల కిలోలతో భాగిస్తే కిలో నాలుగు రూపాయల అరవై పైసలు. "ఐదున్నరకి అమ్మితే కిలోకి తొంభై పైసలు మిగులు, పది టన్నులకి తొమ్మిది వేలు" అని మా మొదటి ఏడాది నోటుబుక్కులో నా చేతిరాతతోనే ఉంది. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ పది టన్నుల్లో 45 శాతం నీళ్ళనుకుంటే అసలు కట్టె ఐదున్నర టన్నులే. అది 20 శాతం తేమకి ఎండేసరికి కాటా మీద మిగిలేది 6,875 కిలోలు. పోయింది 3,125 కిలోలు, అంటే మిద్దెల మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు మూడు ఖాళీ అయినట్టు. దీంట్లోంచి బెరడు, పొట్టు, పురుగు తిని పిండి రాలిన ముక్కలు ఓ నాలుగు శాతం తీసేస్తే అమ్మడానికి 6,600 కిలోలు. ఇప్పుడు 46,000ని దీంతో భాగించండి. కిలోకి దాదాపు ఏడు రూపాయలు. ఐదున్నరకి అమ్మిన ప్రతి కిలోకీ రూపాయిన్నర మన జేబులోంచి పోయిందన్నమాట. రోజూ చేతిలో డబ్బు ఆడుతుంటుంది కాబట్టి ఆ నష్టం కనపడదు, ఏడాది చివర్లో కొత్త లోడుకి డబ్బు చాలక అప్పు చేసేటప్పుడే తెలుస్తుంది.

సరే, అయితే పచ్చివే అమ్మేస్తే పోలా? బరువు మొత్తం మనకే కలిసొస్తుంది కదా. చాలామంది చేసేది ఇదే, పైగా పొద్దున కుప్ప మీద బక్కెట్టు నీళ్ళు కుమ్మరించే మహానుభావుల్నీ చూశాను. ఈ ప్రశ్నకి జవాబు కొన్నవాడి పొయ్యిలో ఉంది. పూర్తిగా ఎండిన కట్టె ఏ జాతిదైనా కిలోకి సుమారు 4,500 కిలోకేలరీల వేడి ఇస్తుంది. కట్టెలో నీళ్ళుంటే రెండు రకాలుగా దెబ్బ. కిలోలో కాలే సరుకు తగ్గుతుంది, ఉన్న వేడిలో కొంత ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది, కిలో నీళ్ళకి సుమారు 600 కిలోకేలరీలు. ఈ లెక్కన 45 శాతం తేమ ఉన్న పచ్చికట్టె కిలోకి 2,200 ఇస్తే, 20 శాతం తేమ ఉన్నది దాదాపు 3,480 ఇస్తుంది. ఒకటికి ఒకటిన్నర రెట్లు పైనే. కాబట్టి పచ్చికట్టె ఐదున్నరకి కొన్నవాడూ ఎండుకట్టె ఎనిమిది రూపాయల డెబ్బై పైసలకి కొన్నవాడూ వేడి లెక్కన ఒకే ధర ఇచ్చినట్టు. ఎనిమిదికి ఎండుకట్టె దొరికితే అదే చవక. ఈ మాట కొనేవాళ్ళకి చెప్తే సగంమంది నమ్మరు, "కిలోకి రెండున్నర ఎక్కువ చెప్తూ చవకంటావేంది సామీ" అంటారు. వాళ్ళ తప్పేం లేదు, కాటా బరువునే చూపిస్తుంది, వేడిని చూపించదు.

ఇక్కడే జాతి గొడవ కూడా తేల్చేద్దాం. చింతకట్టెకి వేడెక్కువ, మామిడికి తక్కువ అని అందరూ అంటారు. కిలో కిలోకి చూస్తే, రెండూ సమంగా ఎండితే, పెద్ద తేడా లేదు. తేడా అంతా చిక్కదనంలో. చింతమొద్దు అదే సైజు మామిడిమొద్దుకంటే చాలా బరువుంటుంది, కాబట్టి పొయ్యి నిండా పెడితే ఎక్కువ సరుకు పట్టి ఎక్కువసేపు కాలుతుంది, నిప్పులు నిలుస్తాయి, వంటవాడు మాటిమాటికీ వంగి కట్టె తోయక్కర్లేదు. సర్కారు తుమ్మ, అదే మన కంపచెట్టు, దీనికీ అదే గుణం, బొగ్గులు కాల్చేవాళ్ళు దాన్నే ఎంచుకోడానికి కారణం అదే. సరుగుడు కూడా మంచి కట్టె. జామాయిల్ తొందరగా అంటుకుని భగ్గున కాలుతుంది. అందుకే బరువుకి అమ్మేటప్పుడు జాతినిబట్టి రేటు మరీ పెంచితే అడిగేవాడికి సమాధానం చెప్పలేం, ట్రాక్టర్ ట్రిప్పు లెక్కన అమ్మేటప్పుడు మాత్రం జాతి చూసి తీరాలి. ట్రిప్పుల్లో ఇంకో మాయ ఉంది. ఎంత బాగా పేర్చినా కుప్పలో మూడోవంతు దాకా గాలే ఉంటుంది, వంకర కొమ్మలు అడ్డదిడ్డంగా పడేస్తే సగం గాలే. అమెరికాలో కట్టెల్ని కార్డ్ అని ఘనపరిమాణంతో అమ్ముతారు, నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు పేర్పు, 128 ఘనపుటడుగులు. అక్కడ నీళ్ళమ్మి మోసం చేయలేరు, గాలి అమ్మి చేస్తారు. కొలత ఏదైనా దాని కన్నం దానికుంది.

ఎండుకట్టెకి ఎంత దాకా చెప్పొచ్చు? దానికి హద్దు గ్యాస్ సిలిండర్. హోటళ్ళు వాడే 19 కిలోల సిలిండర్‌లో కిలోకి సుమారు 11,000 కిలోకేలరీలు, పొయ్యిమీద గిన్నెకి చేరేది అందులో దాదాపు 60 శాతం. మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె వేడి గిన్నెకి చేరేది పదో పదిహేనో శాతం, మిగతాది గాలికి. పదిహేను శాతమే వేసుకున్నా ఒక సిలిండర్ చేసే పని రాళ్ళపొయ్యి మీద చేయాలంటే 240 కిలోల ఎండుకట్టె కావాలి. సిలిండర్ 1,800 అనుకుంటే కట్టె కిలో ఏడున్నర దాటిన క్షణం కొనేవాడికి గ్యాసే నయం. మన అసలు ఖర్చే ఏడు. అంటే మధ్యలో మిగిలేది అర్ధరూపాయి! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మామ నోటుబుక్కు మూసేసి టీ తాగడానికి లేచిపోయాడు.

తర్వాత ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. బిర్యానీ హోటలాయన దగ్గరికెళ్ళి కట్టెల బేరం కాదు, పొయ్యి బేరం చేశాడు. పొయ్యి నోరు చిన్నది చేయించి, కింద గాలికి దారి వదిలి, డేగిసా అంచు చుట్టూ మట్టి మెత్తించి ఖాళీ మూయించాడు. కట్టె వేడి 20 శాతం గిన్నెకి చేరితే సిలిండర్‌కి సమానం 180 కిలోలే, అప్పుడు కిలో పది రూపాయలైనా గ్యాస్‌తో సరిసమానం. ఆ హోటలాయనకి కట్టెలు తక్కువ పడుతున్నాయి, మామకి ఎనిమిదిన్నర రేటు నిలబడింది. అమ్మే సరుకు తక్కువ ఖర్చయ్యేలా చేయడం పిచ్చిపనిలా అనిపించొచ్చు, కానీ ఆయన గ్యాస్‌కి మారిపోతే మనకొచ్చేది సున్నా. ఆ మాటకొస్తే కట్టెలపొయ్యి బిర్యానీ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళు గ్యాస్‌కి అంత తేలిగ్గా మారలేరు, మూత మీద నిప్పులు పోయాలి కదా.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఎండబెట్టి ఎనిమిదిన్నరకి అమ్మితే 6,600 కిలోలకి 56,100 వస్తుంది, ఖర్చు 46,000 పోతే 10,100 మిగులు. బాగుంది. కానీ ఆ డబ్బు నాలుగు నెలలు కుప్పలో కూర్చుంది. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు కదా, 46,000కి నాలుగు నెలలకి 3,680. మిగిలింది 6,420. అదే లోడుని చీల్చకుండా, దించకుండా, తోటలోంచి నేరుగా ఇటుక బట్టీకి తోలేస్తే? కొన్న ధర 28,000, లారీ 6,000, ఎత్తుడు కూలి 1,500, మొత్తం 35,500. బట్టీ వాళ్ళు అరపచ్చి మొద్దులైనా తీసుకుంటారు, కిలో 4.20 ఇచ్చినా 42,000. మిగులు 6,500, అదీ ఒక్క రోజులో! నాలుగు నెలల ఎండ, చెమట, పురుగు, చెదలు, వానొస్తుందేమోనన్న టెన్షన్, ఇవన్నీ పడ్డాక వచ్చింది దీనికంటే ఎనభై రూపాయలు తక్కువ.

ఇది చూసి చాలామంది "అయితే ఎండబెట్టడం దండగ" అనేస్తారు. నేనూ అన్నాను. కాస్త లోతుగా చూస్తే ఎండబెట్టినందువల్ల లోడు మొత్తంలో వేడి పెద్దగా పెరగదు, పెరిగేది ఎనిమిది శాతమే, అందులో సగం పొట్టు కింద, పురుగు కింద పోతుంది. ఎండుకట్టెకి మనం తీసుకునే ఎక్కువ డబ్బు నిజానికి వేడికి కాదు. పొగ రానందుకు, అంటించగానే అంటుకున్నందుకు, పదకొండున్నరకి పప్పు ఉడకాలంటే పదకొండున్నరకే ఉడికినందుకు. ఆ అవసరం ఉన్నవాడికే ఎండుకట్టె అమ్మాలి. బట్టీవాడికి ఆ అవసరం లేదు, కాబట్టి వాడు దానికి పైసా ఇవ్వడు. ఒకే చెట్టు రెండు సరుకులు. బొంగరం లాంటి మొదళ్ళు, గొడ్డలికి లొంగని ముడులు బట్టీకి, తొడంత లావు లోపున్న కొమ్మలు చీల్చి అంగడికి. మొదళ్ళు చీల్చే కూలీ మిగిలిపోతుంది, చీల్చే టన్నుల్లో పని రెట్టింపు వేగంగా సాగుతుంది. ఈ ఒక్క మార్పుతోనే మా అంగడి ఒడ్డున పడింది.

చింతమొదలు చీల్చడం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? మా దగ్గర పనిచేసే పెద్దాయన ముందు మొద్దు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. కోసిన మొహం మీద పగుళ్ళు ఎటు పోతున్నాయో వేలితో రాసి చూస్తాడు. ఇనుప మేకు ఆ పగులులో నిలబెట్టి సమ్మెటతో మెల్లగా రెండు, గట్టిగా ఒకటి. ఐదో దెబ్బకి లోపల ఎక్కడో కిర్రుమని శబ్దం వస్తుంది, అప్పుడాయన సమ్మెట పక్కన పెట్టి బీడీ తీస్తాడు. "ఇంక అదే చీలతాది నాయనా" అంటాడు. నిజంగానే కాసేపటికి ఇంకో దెబ్బకే రెండుగా పడుతుంది. ఇదే పని ముడి ఉన్న వైపు మొదలుపెడితే పూట గడిచినా తెమలదు. టన్నుకి 600 కూలి అని కాగితం మీద రాసేస్తాం గానీ ముడులున్న లోడుకి అది వెయ్యి అవుతుంది, కొనేటప్పుడే చూసుకోవాలి.

ఎండబెట్టడంలో రెండు సంగతులు తెలిస్తే చాలు. కట్టెలోంచి నీళ్ళు పక్కలనుంచి కంటే కోసిన చివర్లనుంచే ఎక్కువగా, తొందరగా పోతాయి, అందుకే పొట్టి ముక్కలు, చీల్చినవి త్వరగా ఎండుతాయి, బెరడుతో ఉన్న నిండు మొద్దు ఏడాదైనా లోపల పచ్చిగానే ఉంటుంది. నేల మీద కాకుండా రాళ్ళ మీద పేర్చాలి, మధ్య గాలి ఆడాలి, పైన మాత్రం రేకు. నాలుగువైపులా టార్పాలిన్ చుట్టేస్తే లోపల బూజు పడుతుంది. తేమ కొలిచే మీటరు కొనుక్కుంటే మంచిదే, కానీ చీల్చిన తాజా మొహం మీద గుచ్చాలి, ఎండిన బయటి మొహం మీద కాదు. ఇంకో మెలిక, ఆ మీటర్లు మామూలుగా ఎండిన కట్టె బరువు మీద శాతం చూపిస్తాయి. దాంట్లో 25 కనపడితే మన కాటా లెక్కన అది 20. ఈ తేడా తెలియక మొదట్లో ఎండినవాటిని కూడా పచ్చివనుకుని ఇంకో నెల ఆపేశాం.

కాలం సంగతి. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానే కట్టెలవాడికి గండం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తోటల్లోకి లారీ దిగదు, దిగినా ఎక్కదు. సరిగ్గా అప్పుడే కార్తీకం, పెళ్ళిళ్ళు, కల్యాణ మండపాల దగ్గర వంటవాళ్ళ పరుగులు. అందుకే జనవరి నుంచి ఏప్రిల్ దాకా కొని, వేసవి ఎండకి ఆరబెట్టి, కొంత సరుకు ముట్టుకోకుండా కార్తీకానికి దాచాలి. ఆ నెల పది రూపాయలన్నా ఎవరూ మారుమాట్లాడరు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు, ఆ నెలల్లో హోటళ్ళూ, ఇంట్లో నీళ్ళపొయ్యికి పది కిలోల కట్టలు కొనుక్కెళ్ళే ఆడవాళ్ళే దిక్కు. చిల్లర కట్టలకి కిలో రేటు అందరికంటే ఎక్కువ పడుతుంది, బేరం కూడా అందరికంటే ఎక్కువే.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు మా కుప్పలో కింది మూడు వరసలు నానిపోయాయి. మామ ఇంక పోయినట్టే అనుకున్నాడు. కానీ ఒకసారి ఎండిన కట్టె వానకి తడిస్తే ఆ నీళ్ళు పైపైనే ఉంటాయి, నాలుగు మంచి ఎండలకి పోతాయి, నెలలు పట్టేది చెట్టు తన లోపల దాచుకున్న నీళ్ళకే. అది తెలియక ఆ వారం తొందరపడి తడిసిన సరుకంతా సగం రేటుకి ఎవరికో ఇచ్చేశాం. కొన్నాయన వారం ఆగి పూర్తి రేటుకి అమ్ముకున్నాడని తర్వాత తెలిసింది. తప్పు మాదే, ఆయన్ని ఏమనగలం.

శ్మశానానికి కట్టెలు అడిగితే మాత్రం లెక్క వేరు. ఒక్కో దహనానికి 300 కిలోల పైనే పడుతుంది, అడిగేవాళ్ళు బేరమాడే స్థితిలో ఉండరు. పచ్చికట్టె అంటగట్టడానికి అంతకంటే తేలికైన చోటు లేదు. మామ అలాంటప్పుడు కుప్ప మధ్యలోంచి బాగా ఎండినవే తీయిస్తాడు, రేటు మామూలు రేటే. దీనికి వ్యాపార కారణమేమీ చెప్పడు.

కాగితాల పని అనవసరం అనుకోకండి, ముఖ్యంగా శేషాచలం అడవి పక్కన ఉన్న మన దగ్గర. ఎర్రచందనం కోసం ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ తిరుపతి కేంద్రంగానే పనిచేస్తోంది, రాత్రి కట్టెల లారీ అంటే ఎవరైనా ఆపి చూస్తారు. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీళ్ళు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి సంగతి చూసుకోవాలి, తరలించడానికి అటవీశాఖ రవాణా నియమాలు వేరే ఉన్నాయి, కొన్ని జాతులకి మినహాయింపులుంటాయి. లోడు మాట్లాడకముందే రేంజ్ ఆఫీసుకెళ్ళి మీరు కొనే జాతి పేరు చెప్పి అడిగి రండి. రైతు పాస్‌బుక్ నకలు, ఆయన రాసిచ్చిన అమ్మకం చీటీ, కాటా చీటీ డ్రైవర్ జేబులో ఉండాలి. వంటచెరకుకి జీఎస్టీ లేదు, అదొక్కటి ఊరట. అంగడి కాటాకి తూనికల శాఖ ముద్ర మాత్రం ఏటా వేయించుకోవాలి.

పెద్ద కాటా దగ్గర ఇంకో జాగ్రత్త. లోడుతో తూచేటప్పుడు క్లీనర్ కేబిన్‌లో కూర్చుని, ఖాళీ బండి తూచేటప్పుడు దిగిపోతే అరవై కిలోలు మనం కొన్నట్టే. అందుకే రెండు తూకాలప్పుడూ నేను పక్కనే నిలబడేవాణ్ణి.

ఇప్పుడు మామ అంగడి ముందు సుద్దముక్కతో రాసిన బోర్డుంది. ఒకవైపు "ఎండినవి", ఒకవైపు "పచ్చివి", రెండు రేట్లు. బోర్డు కింద కొట్టి చూసుకోడానికి ఎప్పుడూ రెండు చీలికలు పెట్టి ఉంటాయి, ఒకటి ఆ కుప్పలోది, ఒకటి ఈ కుప్పలోది. కొత్తగా వచ్చినవాళ్ళు అవెందుకని అడుగుతారు. వంటమేస్త్రీ మాత్రం వాటిని నమ్మడు, నేరుగా కుప్ప వెనక్కెళ్ళి కింది వరసలోంచి లాగుతాడు.